పెద్దల సభ - ప్రభుత్వ బాధ్యత

మన గ్రంథాలయమున వార్తాపత్రికలు చదువు బల్ల యొద్ద ప్రతిదినము సాయంకాలము ఒక చిన్న సభ జరుగును. దానికి అధ్యక్షుడు లేడు; కార్యక్రమ పట్టిక లేదు. ఒకరు పైకి చదువుదురు, పదిమంది విందురు, తుదకు అందఱును మాటలాడుదురు. అట్టి యొక సాయంకాలమున రాజ్యసభలోని ప్రశ్నోత్తరముల వార్త చదువుచుండగా వృద్ధుడైన రైతు ఒకడు ఇట్లడిగెను: "ఆ సభవాళ్లు ఓటేసి మంత్రిని దింపలేరు గదండీ. మరి ఆయన వాళ్లకి జవాబు చెప్పకపోతే ఏమవుతుంది?"

ఆనాడు ఎవరును ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పలేకపోయితిమి. ఈ రజతోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుడని గ్రంథాలయ కార్యదర్శిగారు కోరినపుడు నాకు ఆ ప్రశ్నయే జ్ఞప్తికి వచ్చెను. అధికారము గలవాడు తన్ను దండింపగలవానికి మాత్రమే సమాధానము చెప్పవలెనా, దండింపలేనివానికిని చెప్పవలెనా యనునదియే దాని సారము. మన దేశమున పెద్దల సభయెడల ప్రభుత్వాధిపతులు ఎట్లు వర్తించిరో చూచినచో సమాధానము కొంత దొరకగలదు.

రాజ్యాంగము చెప్పిన మాట

మొదట శాసనమేమి చెప్పుచున్నదో చూతము. 1950 జనవరి 26వ తేదీ నుండి అమలులోనున్న మన రాజ్యాంగము తన 75వ అధికరణమున మంత్రివర్గము సమష్టిగా లోక్‌సభకు బాధ్యత వహింపవలెనని చెప్పుచున్నది. అచట రాజ్యసభ పేరు లేదు. కావున అవిశ్వాస తీర్మానము లోక్‌సభలోనే వచ్చును. అచట ఓడిన మంత్రివర్గము దిగిపోవలసినదే. ప్రభుత్వ శాఖల వ్యయమునకు పద్దులు మంజూరు చేయు అధికారమును లోక్‌సభదే. ద్రవ్య బిల్లు రాజ్యసభకు వచ్చినచో 14 దినములలోగా తన సూచనలతో త్రిప్పి పంపవలెను. ఆ సూచనలను గైకొనుటయు, మానుటయు లోక్‌సభ ఇష్టము. సాధారణమైన బిల్లుపై రెండు సభలకును ఏకాభిప్రాయము కుదరనిచో రాష్ట్రపతి ఉభయసభల సంయుక్త సమావేశమును పిలువవచ్చును. లోక్‌సభ సభ్యుల సంఖ్య రాజ్యసభ సభ్యుల సంఖ్యకు రెట్టింపుకంటె ఎక్కువ గనుక అచట సామాన్యముగా లోక్‌సభ మాటయే చెల్లును. అట్టి సమావేశములు 1961లో వరకట్న నిషేధ బిల్లుపైనను, 1978లో బ్యాంకింగు సర్వీసు కమిషను రద్దు బిల్లుపైనను, 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లుపైనను జరిగినవి.

మఱి రాజ్యసభకు మిగిలినదేమి? మిగిలినది స్వల్పము కాదు. రాజ్యాంగమును సవరింపవలెనన్న రెండు సభలును వేర్వేరుగా, హాజరై ఓటు చేసినవారిలో మూడింట రెండువంతుల ఆధిక్యతతో అంగీకరింపవలెను. ఈ విషయమున సంయుక్త సమావేశమునకు తావు లేదు. రాష్ట్రముల జాబితాలోని విషయముపై జాతీయ ప్రయోజనము పేర పార్లమెంటు శాసనము చేయుటకు రాజ్యసభ ముందుగా తీర్మానింపవచ్చును. ఆ అధికారము ఆ సభకే ప్రత్యేకము. ఈ సభ ఎన్నడును రద్దు కాదు. రెండేండ్లకొకసారి మూడవవంతు సభ్యులు విరమింతురు. వారి స్థానమున క్రొత్తవారు వత్తురు.

ఇంకొకటి కలదు. ఏ సభకు చెందిన మంత్రియైనను రెండు సభలలోను మాటలాడవచ్చునని 88వ అధికరణము చెప్పుచున్నది. మాటలాడు హక్కున్నచోట ప్రశ్నను వినవలసిన విధియు నుండును. కాని ఆ విధిని తప్పిన మంత్రికి శిక్ష యేమో శాసనమున వ్రాయబడలేదు. అది పెద్దల నడవడివలన ఏర్పడవలసినది.

తొలినాళ్లు

1947 జూలైలో రాజ్యాంగ నిర్మాణ సభలో రెండవ సభ అవసరమా యను చర్చ జరిగెను. అది దేశ పురోగమనమునకు అడ్డుకట్ట యగునని కొందఱు వాదించిరి. దానికి ఎన్. గోపాలస్వామి అయ్యంగారుగారు సమాధానము చెప్పుచు, రెండవ సభనుండి తాము ఆశించునది గంభీరమైన చర్చ యనియు, క్షణికావేశమున పుట్టిన శాసనములు కొంతకాలము నిలిచి ఆలోచనకు లోనగుట యనియు, ఎన్నికల పోరాటమునకు దిగలేని అనుభవజ్ఞుల సలహా దేశమునకు లభించుట యనియు వివరించిరి. ప్రజాసభను బంధించుట తమ ఉద్దేశము కాదని కూడ చెప్పిరి. అనగా ఆ సభ పుట్టుకలోనే దాని బలమును, బలహీనతయు రెండును చేర్పబడియున్నవి.

1952 ఏప్రిల్ 3వ తేదీన 216 మంది సభ్యులతో ఆ సభ ఏర్పడి, మే 13వ తేదీన మొదటిసారి సమావేశమయ్యెను. అప్పుడు దాని పేరు కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్. రాజ్యసభ యను పేరు 1954 ఆగస్టులో వచ్చినది. ఉపరాష్ట్రపతి పదవిచేత దానికి అధ్యక్షులైనవారు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. తిరుత్తణిలో తెలుగింట పుట్టి, 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగ నుండిన ఆ పండితుడు సభ తొలి దినములలోనే ఒక నిజమును దాచకుండ చెప్పిరి: ఈ సభ ప్రభుత్వములను నిలుపలేదు, కూల్చలేదు గనుక ఇది అనావశ్యకమని లోకులు తలంచుచున్నారనియు, అయినను శాసనములను పునఃపరిశీలించు సభగా ఇది ఫలవంతమైన పని చేయగలదనియు దాని భావము. మన రైతు సోదరుని ప్రశ్నయే 1952లో అధ్యక్షపీఠము నుండి వినబడినదన్నమాట.

ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారు లోక్‌సభ సభ్యులు. అయినను ఈ సభకు నాయకులుగా తన సహచరులలో గట్టివారిని ఎన్నుకొనిరి. గోపాలస్వామి అయ్యంగారుగారు మొదటి నాయకులు. వారు 1953 ఫిబ్రవరిలో స్వర్గస్థులైన పిదప న్యాయశాఖ మంత్రి సి. సి. బిశ్వాస్ గారును, తరువాత లాల్ బహదూర్ శాస్త్రిగారును, 1955 నుండి 1961 వరకు గోవింద వల్లభ పంత్ గారును ఆ స్థానమున నుండిరి. ఎదుటి వరుసలలో మన పుచ్చలపల్లి సుందరయ్యగారి వంటి ప్రతిపక్ష నాయకులు ఉండిరి. ప్రశ్నించువారును, బదులు చెప్పువారును సమర్థులైనపుడు సభకు గౌరవము తనంతట వచ్చును.

1953: ఒక మంత్రి, రెండు సభలు

సభ మొదటిసారి సమావేశమై ఏడాది నిండకముందే పరీక్ష వచ్చెను. 1953 ఏప్రిల్ నెలాఖరున ఆదాయపు పన్ను సవరణ బిల్లు ఒకటి కౌన్సిలులో చర్చకు వచ్చెను. అది ద్రవ్య బిల్లని స్పీకరు ధ్రువపత్రము దానికి కలదు. ద్రవ్య బిల్లయినచో దానిని సవరించు శక్తి కౌన్సిలునకు లేదు. కావున అది నిజముగ ద్రవ్య బిల్లగునా యని కొందఱు సభ్యులు సందేహము వెలిబుచ్చిరి. సభానాయకులైన బిశ్వాస్ గారు ఆ సందర్భమున పలికిన మాటలు, స్పీకరుగారు ఈ విషయమును స్వయముగా విచారించియే నిర్ణయించిరా యను ధ్వని నిచ్చునట్లుండెను. రాజ్యాంగము 110వ అధికరణము ప్రకారము ఈ విషయమున స్పీకరు నిర్ణయమే తుది నిర్ణయము.

ఈ వార్త లోక్‌సభకు ప్రాకినది. తమ స్పీకరు గౌరవమునకు భంగము కలిగినదని అచటి సభ్యులు ఆగ్రహించిరి. న్యాయశాఖ మంత్రి తమ సభకు వచ్చి సంజాయిషీ చెప్పవలెనను కోరిక బయలుదేరెను. అది వినగానే కౌన్సిలు సభ్యులకును రోషము కలిగెను. తమ సభలో తమ నాయకుడు పలికిన మాటకు వేఱొక సభ సంజాయిషీ యడుగుట యేమి? మే 1వ తేదీన కౌన్సిలు ఒక తీర్మానము చేసి, ఆ విషయము చర్చకు వచ్చునపుడు తమ నాయకుడు ఏ హోదాలోను లోక్‌సభకు పోరాదని ఆదేశించెను.

బిశ్వాస్ గారి అవస్థ ఆలోచింపుడు. మంత్రిగా ఆయన లోక్‌సభకు బాధ్యులు. సభ్యుడుగా, నాయకుడుగా కౌన్సిలునకు బద్ధులు. ఒక సభ రమ్మనుచున్నది. ఇంకొక సభ పోవలదనుచున్నది. ఎవరి మాట విన్నను ఇంకొకరిని ధిక్కరించినట్లగును. గ్రామమున రెండు తగవరి కుటుంబముల నడుమ చిక్కిన మధ్యవర్తి స్థితి వంటిది ఆయనది.

ఈ తగవును ఎట్లు తీర్చవచ్చును? లోక్‌సభలో నెహ్రూగారికి తిరుగులేని ఆధిక్యత కలదు. ఆయన ప్రభుత్వమునకు ప్రాణము పోయవలసినదియు, తీయవలసినదియు ఆ సభయే. తమను దింపలేని సభ అలిగిన అలుగనీ యని ఆయన ఊరకుండినచో శాసనరీత్యా ఎవరును వేలెత్తి చూపుటకు వీలులేదు. కాని ఆయన మే 6వ తేదీన స్వయముగా కౌన్సిలునకు వచ్చి నిలిచి మాటలాడిరి. పార్లమెంటు అనగా ఏ ఒక్క సభయు కాదనియు, రెండు సభలును కలిసియే పార్లమెంటనియు చెప్పిరి. మన సభలకు అధికారము ఇంగ్లండు ఆచారములనుండి కాక మన రాజ్యాంగము నుండియే వచ్చినదనియు, ఒకదానిని ఎగువ సభ యనియు రెండవదానిని దిగువ సభ యనియు పిలుచుట కూడ సరికాదనియు వివరించిరి. ధనవిషయమున లోక్‌సభకు గల ఆధిక్యతను మరుగుపఱుపలేదు. అది తప్ప మిగిలినచోట రెండు సభలును సమానములనిరి. తన సహచరుడైన న్యాయశాఖ మంత్రిని విడనాడలేదు. స్పీకరు గౌరవమునకును లోటు రానీయలేదు. ఆ మాటలతో వేడి చల్లారెను.

అంతటితో ఆగలేదు. ప్రభుత్వ వ్యయమును తనిఖీ చేయు ప్రజాపద్దుల సంఘములో అప్పటివరకు లోక్‌సభ సభ్యులు 15 మంది మాత్రమే ఉండిరి. తమకును అందు స్థానము కావలెనని కౌన్సిలు కోరెను. ధనము తమ సొత్తు గనుక లెక్కలు చూచు పనియు తమదేయని లోక్‌సభలో పలువురు వ్యతిరేకించిరి. కౌన్సిలు సభ్యులు 7 గురిని ఆ సంఘమున చేర్చుకొనవలెనను ప్రతిపాదనను ప్రధానమంత్రియే 1953లో లోక్‌సభ యెదుట ఉంచిరి. సంవత్సరాంతమున లోక్‌సభ దానికి సమ్మతించెను. నేటికిని ఆ సంఘము 15 మందియు 7 గురును గలిసి 22 మందితోనే నడుచుచున్నది. ప్రభుత్వ వ్యయమును పరిశీలించు కన్నులకు తోడు మఱికొన్ని కన్నులను ఆ ప్రభుత్వపు పెద్దయే పట్టుబట్టి తెప్పించెనన్నమాట.

మరుసటి సంవత్సరము, 1954లో, లోక్‌సభ సభ్యులు ఎన్. సి. ఛటర్జీగారు ఒక బహిరంగ ఉపన్యాసమున పెద్దల సభను తేలికపఱచి మాటలాడిరని అచట సభాహక్కుల ప్రశ్న లేచినది. ఆ తగవు పర్యవసానముగ రెండు సభల హక్కుల సంఘములును కలిసి కూర్చుండి ఒక మర్యాదను ఏర్పఱచినవి. ఒక సభకు చెందినవాడు రెండవ సభ గౌరవమును భంగపఱచెనన్న ఫిర్యాదు వచ్చినచో, ఆ ఫిర్యాదును అతని సభకే పంపవలెను. అతని సభయే విచారింపవలెను. నీ పిల్లవాడు తప్పుచేసెనని ఇరుగుపొరుగువారు ఒకరికొకరు చెప్పుకొని, ఎవరి పిల్లలను వారే మందలించుకొను పద్ధతి యిది.

1970: ఓటులో మూడవవంతు

అన్ని తగవులును ఇంత మర్యాదగా తీరినవని తలంపరాదు. సంస్థానములు భారతదేశమున విలీనమైనపుడు వాని పాలకులకు రాజభరణములిచ్చుటకు ఒడంబడికలు జరిగెను. మన హైదరాబాదు నిజాముగారికి 1950 నాటి ఒడంబడిక ప్రకారము ఏటేట 50 లక్షల రూపాయల రాజభరణము ఏర్పడినది. పేదరైతు పన్ను కట్టుచుండగా రాజ్యము లేని రాజులకు భరణములేల యని ప్రజలలో అసంతృప్తి పెరిగెను. 1970 సెప్టెంబరులో ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారి ప్రభుత్వము ఆ భరణములను తొలగించు రాజ్యాంగ సవరణ బిల్లును తెచ్చెను. లోక్‌సభ అంగీకరించినది. సెప్టెంబరు 5వ తేదీన రాజ్యసభలో ఓట్లు లెక్కింపగా అనుకూలముగా 149, ప్రతికూలముగా 75 వచ్చినవి. మొత్తము 224లో మూడింట రెండువంతులనగా 149కి పైన ఇంకను మూడవవంతు కావలెను. ఓటును ముక్కలు చేయుటకు వీలులేదు, బిల్లు వీగిపోయెను.

పెద్దల సభ తీర్పు ఎంత స్వల్ప భేదముతో వచ్చినను తీర్పే. కాని ఆ రాత్రియే మంత్రివర్గము అత్యవసరముగ సమావేశమై, పాలకులకు ఇచ్చిన గుర్తింపునే రద్దుచేయవలసినదని రాష్ట్రపతికి సలహా నిచ్చెను. రాష్ట్రపతి వి. వి. గిరిగారు అప్పుడు హైదరాబాదులో ఉండిరి. ఉత్తరువుపై ఇచటనే సంతకము చేసిరి. సభ యొప్పని పనిని ఉత్తరువుతో చేసినట్లయినది. సంస్థానాధిపతులు సుప్రీంకోర్టుకు పోయిరి. 1970 డిసెంబరు 15వ తేదీన ఆ న్యాయస్థానము ఆ ఉత్తరువు చెల్లదని తీర్పు చెప్పెను.

పిదప ప్రభుత్వము సరియైన మార్గమునకు వచ్చెను. లోక్‌సభ రద్దయినది, 1971లో ప్రజల తీర్పు కోరబడినది, గొప్ప ఆధిక్యతతో తిరిగివచ్చిన ప్రభుత్వము అదే సంవత్సరము డిసెంబరులో 26వ సవరణను రెండు సభల చేతను ఆమోదింపజేసి రాజభరణములను తొలగించెను. రాజభరణములు పోవలెనన్న కోరిక న్యాయమైనదని నా అభిప్రాయము. ఐనను ఆ న్యాయమైన పని రాత్రికి రాత్రి అడ్డదారిన చేయబోయినపుడు నిలువలేదు. సభల యెదుట నిలిచి అడిగి చేసినపుడు నిలిచినది. ఏడాది జాప్యము జరిగినది నిజమే. ఆ జాప్యమున ప్రజలు తమ మాట చెప్పుటకు అవకాశము లభించినది.

1989: మన పంచాయతీల కథ

ఇక గ్రామీణులమైన మనకు మఱింత దగ్గఱి విషయము. 1989 మే నెలలో ప్రధానమంత్రి రాజీవ్ గాంధీగారు గ్రామ పంచాయతీలకు రాజ్యాంగమున స్థానము కల్పించు 64వ సవరణ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టిరి. ఎన్నికలు క్రమముగ జరుగవలెను, నిధులు రావలెను, స్త్రీలకు స్థానములు ప్రత్యేకింపవలెను అనునవి దాని ముఖ్యాంశములు. పంచాయతీ ఎన్నికలు ఏండ్ల తరబడి వాయిదా పడుటను చూచిన గ్రామస్థునకు ఇంతకంటె మంచి బిల్లేది? లోక్‌సభ ఆగస్టులో దానిని ఆమోదించెను. అక్టోబరు 13వ తేదీన రాజ్యసభలో అది కావలసిన ఆధిక్యత పొందలేక వీగిపోయెను.

పంచాయతీలు వద్దని ప్రతిపక్షములు ఆ బిల్లును ఎదిరింపలేదు. రాష్ట్రములను ప్రక్కకు నెట్టి కేంద్రము నేరుగా పల్లెలలో చేయిపెట్టుటకు ఇది దారి తీయునని వారి వాదము. సార్వత్రిక ఎన్నికలు తలుపు తట్టుచున్న వేళ గనుక రాజకీయమును అందు లేకపోలేదు. ఏమైనను రాష్ట్రములచేత ఎన్నుకోబడిన సభ రాష్ట్రముల పక్షమున మాటలాడుట దాని స్వధర్మమే.

పిమ్మట 1991లో మన పి. వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి అయిరి. వారి ప్రభుత్వము అదే సంకల్పముతో క్రొత్త బిల్లును తెచ్చి, ఉభయసభల సభ్యులు గల సంయుక్త సంఘమునకు పంపెను. 64వ బిల్లులో పంచాయతీ ఎన్నికల అజమాయిషీ కేంద్ర ఎన్నికల సంఘమునకు ఉద్దేశింపబడగా, క్రొత్త శాసనములో ప్రతి రాష్ట్రమునకు ప్రత్యేకమైన ఎన్నికల సంఘము ఏర్పడినది. స్త్రీలకు స్థానములు మూడవవంతునకు తక్కువ కాకుండ నిర్ణయింపబడెను. 1992 డిసెంబరులో రెండు సభలును అంగీకరింపగా, 73వ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. నేడు మన పంచాయతీ కార్యాలయమున సర్పంచు కుర్చీలో స్త్రీ కూర్చుండినపుడు ఆ కుర్చీ వెనుక ఈ చరిత్ర కలదు. 1989లో పెద్దల సభ కాదన్నది. తరువాత వచ్చిన ప్రభుత్వము ఆ సభను తిట్టుచు కూర్చుండక దాని ఆక్షేపణలను విని పని నెఱవేర్చెను. మూడేండ్లకు పైగా ఆలస్యమైనందుకు పల్లెలు నష్టపడలేదని నేననను. రాష్ట్రముల అంగీకారముతో వచ్చిన శాసనమునకు వేళ్లు లోతుగా దిగినవని మాత్రము చెప్పగలను.

మన రాష్ట్రపు మండలి

ఢిల్లీ సంగతి ఇట్లుండగా మన ఇంటి సంగతి యేమి? ఆంధ్రులు ఉమ్మడి మదరాసు రాష్ట్రమున ఉన్నప్పుడే ఎగువ సభ పేర ఒక వివాదమును చూచిరి. 1952 ఎన్నికలలో కాంగ్రెసునకు శాసనసభలో ఆధిక్యత రాలేదు. ప్రతిపక్షములు టంగుటూరి ప్రకాశముగారి నాయకత్వమున కూడినవి. ఎన్నికలలో నిలువని రాజగోపాలాచారిగారిని గవర్నరు శ్రీప్రకాశగారు శాసన మండలికి నామినేటు చేయగా, వారు ముఖ్యమంత్రి అయిరి. వారి సామర్థ్యమును శంకించినవారు అరుదు. కాని మేధావుల సలహాకొఱకు ఉద్దేశించిన తలుపు అధికారమునకు దొడ్డిదారిగా ఉపయోగపడెనను మాట మాత్రము నిలిచిపోయినది. ప్రభుత్వాధిపతి పెద్దల సభలో కూర్చుండినంతమాత్రమున ఆ సభను గౌరవించినట్లు కాదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమున ఎగువ సభ లేదు. ఆంధ్రప్రదేశ్ అవతరణము తరువాత 1958 జూలై 1వ తేదీన శాసన మండలి ఏర్పడినది. దాని మొదటి అధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారు. నిజాము రాజ్యమున తెలుగు మాటకు గౌరవము లేని దినములలో ఆంధ్రోద్యమమును నడిపి, గ్రంథాలయములను పెంచి, ఆ ఉద్యమ చరిత్రను స్వయముగా గ్రంథస్థము చేసిన మహనీయుడాయన. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆయన పేరు స్మరించుట మనకు ఋణవిమోచనము వంటిది.

రాజ్యసభకును రాష్ట్రపు మండలికిని ఒక గొప్ప భేదము కలదు. రాజ్యసభను ఎవరును సామాన్య శాసనముతో తీసివేయలేరు. రాష్ట్రమున మండలి ఉండుటయు, పోవుటయు 169వ అధికరణము ప్రకారము శాసనసభ తీర్మానముపైనను, పార్లమెంటు చేయు శాసనముపైనను ఆధారపడియున్నది. మండలిని ఎవరును అడుగనక్కఱలేదు. అనగా తన్ను ప్రశ్నించు సభను తీసివేయుటకు దారిచూపు సాధనము రాష్ట్ర ప్రభుత్వము చేతికి అందుబాటులోనే ఉన్నది. నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము ఆ సాధనమును వినియోగించెను. మండలి వ్యయకరమనియు, ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమునకు అది అవరోధమనియు ఆ పక్షము వాదము. తనకు ఆధిక్యత లేని సభ గనుకనే తొలగించుచున్నదని ఎదుటివారి వాదము. 1985 జూన్ 1వ తేదీతో మండలి అంతరించెను. మరల 2007 మార్చిలో అది పునరుద్ధరింపబడినది. 2014లో రాష్ట్రము రెండైనపుడు ఆంధ్రప్రదేశునకును తెలంగాణమునకును వేర్వేరు మండలులు ఏర్పడినవి.

2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మండలిలో రాజధాని విషయమైన బిల్లులను సెలెక్టు కమిటీకి పంపుటకు అధ్యక్షులు నిర్ణయింపగా, కొలది దినములలోనే, జనవరి 27వ తేదీన, మండలిని రద్దుచేయవలెనని శాసనసభ తీర్మానించెను. పార్లమెంటు దానిపై శాసనము చేయకముందే, 2021 నవంబరులో శాసనసభ ఆ తీర్మానమును ఉపసంహరించుకొనెను. ఇందు ఏ పక్షము ఒప్పు, ఏ పక్షము తప్పు అని తేల్చుట ఈ సంచికకు తగదు. మండలి వద్దని నమ్మువారు వద్దని చెప్పవచ్చును. దేశమున పెక్కు రాష్ట్రములు ఒక్క సభతోనే నడుచుచున్నవి. కాని మండలి ఉన్నంతకాలము దాని ప్రశ్నకు సమాధానము చెప్పవలెను; దాని ఉనికి అది మన మాట వినుటపై ఆధారపడరాదు. అడిగినందుకే పోవు ఉద్యోగము గలవాడు ఏమి అడుగగలడు?

మాటకు కట్టుబడుట

బాధ్యత యనగా పదవి పోవుట యొక్కటియే కాదు. రాజ్యసభలో మంత్రి లేచి "పరిశీలించెదము", "సమాచారము తెప్పించి సభకు నివేదించెదము" అని చెప్పిన మాటలను వ్రాసి పెట్టుకొని, అవి నెఱవేఱినవో లేదో చూచుటకు 1972లో ప్రభుత్వ హామీల సంఘము ఏర్పడినది. మూడు నెలలలో హామీ తీరవలెనని నియమము. తీరనిచో మంత్రిత్వశాఖ గడువు కోరవలెను. మంత్రిని దింపలేని సభయే మంత్రి పలికిన మాటను మఱువకుండునట్లు చేయుచున్నది.

అట్లే ఏటేట రాష్ట్రపతి ప్రసంగమునకు ధన్యవాద తీర్మానము వచ్చును. ఆ తీర్మానమునకు ప్రతిపక్షము కోరిన సవరణ లోక్‌సభలో నెగ్గినచో ప్రభుత్వము నిలుచుట దుర్లభము. రాజ్యసభలో అట్టి సవరణలు 1980లోను, 1989లోను, 2001లోను, 2015లోను, 2016లోను నెగ్గినవి. వేర్వేరు పక్షముల ప్రభుత్వములు అవి, ఒక్కటియు పడిపోలేదు. కాని ప్రభుత్వము చెప్పిన కథలో చెప్పని మాటలు ఇవి కలవని సభ గ్రంథములలో శాశ్వతముగ లిఖింపబడెను.

రైతు సోదరునకు నేనిప్పుడు ఇట్లు సమాధానము చెప్పుదును. మంత్రి ఆ సభకు జవాబు చెప్పకున్న ఆనాడేమియు కాదు. ఆయన కుర్చీ కదలదు. కాని తన్ను దింపగలవానికి చెప్పు జవాబులో భయము కొంత యుండును. దింపలేనివానికి చెప్పు జవాబు గౌరవమువలననే రావలెను. 1953 మే నెలలో నెహ్రూగారిని కౌన్సిలునకు నడిపించినది భయము కాదు. 1970 సెప్టెంబరు రాత్రి లోపించినది ఆ గౌరవమే. ఒకటి స్థిరపడి నేటికిని ఆచారమైనది. ఇంకొకటి మూడు నెలలలో కోర్టులో కూలినది.

మనము చేయవలసినదియు కలదు. రాజ్యసభలో ఆంధ్రప్రదేశునకు 11 స్థానములు, తెలంగాణమునకు 7 స్థానములు కలవు. వారి పేర్లు మనలో ఎందఱికి తెలియును? వారు ఏమి అడిగిరో, మంత్రులు ఏమి చెప్పిరో పత్రికలలో చదువు అలవాటు మన బల్ల యొద్ద పెరుగవలెను. వినువారు లేని సభలో జవాబు చెప్పువానికి శ్రద్ధ యుండదు.

ఈ గ్రంథాలయమున నేను చూచిన యొక చిన్న విషయముతో ముగించెదను. ప్రతి సంవత్సరము జమాఖర్చులు చదువు సర్వసభ్య సమావేశమున చందాదారులకే ఓటు కలదు. ఒక యేడు వెనుక వరుసలో నిలిచిన బడిపిల్లవాడు లేచి, లెక్కల పుస్తకములు చాలవనియు, ఈ యేడు ఒక్కటియు ఏల కొనలేదనియు అడిగెను. వానికి ఓటు లేదు. వాడు చందాదారుడును కాడు. కార్యదర్శిగారు నవ్వి కూర్చుండవచ్చును. ఆయన లేచి, పద్దు పుస్తకము తెఱచి, ఏ పుస్తకములకు ఎంత ఖర్చయినదో చదివి, వచ్చు సంవత్సరము కొందుమని చెప్పిరి. కొనిరి కూడ. ఇరువదియైదేండ్లు ఈ సంస్థ నిలుచుటకు అట్టి జవాబులే కారణమని నా నమ్మకము. మన గ్రంథాలయము ఇంకను పెక్కు ఉత్సవములు చేసికొనుగాక యని కోరుచు విరమించుచున్నాను.